బొప్పి కట్టింది, బిళ్ళ కట్టింది, గడ్డ లేచింది

పెరట్లో రాగి కాగు కింద కొబ్బరి డొక్కలు అంటుకునేసరికి పొద్దున్న ఏడున్నర, ఎనిమిది. పీట వాల్చుకుని, చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, రెండు కాళ్ళూ బారచాపి కూర్చునేది నీళ్ళుపోసే మామ్మ. చంటిబిడ్డని ఆ కాళ్ళ మీద బోర్లా వేసుకుని, నూనె చేత్తో వీపు, మెడ, నెత్తి వరసగా నిమిరేది. ఆ చెయ్యి నెత్తి మీద ఒక్క క్షణం ఆగిందా, గుమ్మంలో నిలబడ్డ బాలింతకి గుండె జారిపోయేది.

"ఏటి మామ్మా, ఏటైంది?"

"ఏటీ నేదు తల్లీ. నెత్తురు గూడుకట్టింది. దాని మానాన అదే పోద్ది."

విశాఖలో అల్లిపురంలోనైనా, కంచరపాలెంలోనైనా, వన్‌టౌన్ సందుల్లోనైనా ఈ సంభాషణ ఇంచుమించు ఇలాగే నడిచేది. అందులో గమనించవలసింది ఆ ముసలమ్మ ధైర్యం కాదు, ఆమె వాడిన క్రియ. తల మీద కనిపించే ప్రతి ఎత్తుకీ మన ఆడవాళ్ళ దగ్గర ఒక మాట ఉండేది. పుట్టగానే మెత్తగా ఉబ్బి ఉంటే నీరు పట్టింది. మర్నాటికి ఒక పక్కన గుడ్డులా తేలితే నెత్తురు గూడుకట్టింది. గడప తగిలితే బొప్పి కట్టింది. చెవి వెనక శనగగింజలా కదులుతుంటే బిళ్ళ కట్టింది. ఎండాకాలంలో ఎర్రగా, వేడిగా వస్తే గడ్డ లేచింది. పుట్టినప్పట్నుంచీ ఉండి, నొప్పి లేకుండా నెమ్మదిగా ఎదుగుతుంటే పుట్టుబుడిపె. ఇప్పుడు ఇన్నింటినీ కలిపి "బంప్" అనేస్తున్నాం. ఆ పాత మాటల్లో, అది ఎప్పుడొచ్చింది, ఎక్కడుంది అన్న రెండు ప్రశ్నలకీ జవాబు ఇమిడి ఉండేది. పిల్లల డాక్టరు ముందుగా అడిగేవీ ఆ రెండే. ఎంత పెద్దది అన్నది ఆ తర్వాతి మాట.

కాన్పుతో వచ్చే వాపుల దగ్గర ఈ రెండు ప్రశ్నలూ ఎంత పనిచేస్తాయో చూడండి.

మహారాణిపేట కొండవాలు మీద కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి), దానితోపాటు వైద్య కళాశాల 1923లో మొదలయ్యాయి. పాతవూరి ఆడవాళ్ళకి ఘోషా ఆసుపత్రి ఉండేది. అయినా ఎన్నో ఇళ్ళల్లో చాలా ఏళ్ళు మంత్రసాని చేతి మీదుగానే పురుళ్ళు జరిగాయి. మొదటి కాన్పు, నొప్పులు తెల్లవారుజామున మొదలై దీపాలు పెట్టేవేళ దాకా సాగాయంటే, బిడ్డ తల అంతసేపూ ఇరుకులో నొక్కుకుని ఉంటుంది. ముందుకొచ్చిన భాగంలో చర్మం కింద నీరు చేరుతుంది. బిడ్డ బయటికి వచ్చేటప్పటికే ఆ వాపు ఉంటుంది. వేలితో మెల్లగా అదిమితే తడిపిన పిండిలా సొట్ట పడి, కాసేపటికి మళ్ళీ నిండుతుంది. నడినెత్తి దాటి అటూ ఇటూ పరుచుకుంటుంది. తల కూడా దోసకాయలా పొడుగ్గా సాగి ఉంటుంది, ఎందుకంటే పుర్రె ఎముకలు అతుకుల దగ్గర ఒకదాని మీదికి ఒకటి జరిగి దారి చేసుకుంటాయి. ఆ అతుకు మీద వేలు పెడితే గట్టులా తగులుతుంది. నీరు రెండు మూడు రోజుల్లో ఇంకిపోతుంది, ఎముకలు వారం అటూ ఇటూలో సర్దుకుంటాయి. పదకొండో రోజు పురిటి స్నానం నాటికి చుట్టాలకి చూపించడానికి ఆ వాపు మిగలదు. కోతతో, నొప్పులు రాకముందే తీసిన బిడ్డకి తల మొదట్నుంచీ గుండ్రంగా ఉండేది ఇందుకే. అందం విషయంలో ఆపరేషన్ పిల్లలకి మార్కులు ఎక్కువ పడటానికి కారణం ఇంతే.

నెత్తురు గూడుకట్టడం వేరు. ఇక్కడ ఎముకకీ దాన్ని అంటిపెట్టుకున్న పొరకీ మధ్య సన్నటి నాళాలు తెగి, నెత్తురు బొట్టుబొట్టుగా చేరుతుంది. కాబట్టి బిడ్డ పుట్టినప్పుడు ఏమీ కనిపించదు. కొన్ని గంటలయ్యాకో, మర్నాడో తేలుతుంది. ఇళ్ళల్లో గొడవలన్నీ ఇక్కడే మొదలయ్యేవి. "నిన్న లేదు, ఇవాళెలా వచ్చింది? ఆయా జారవిడిచి ఉంటుంది" అని ఒకరు, "రాత్రి నువ్వే నిద్రలో పట్టుకోలేదేమో" అని బాలింతని ఇంకొకరు. ఎంతమంది ఆయాలు చెయ్యని తప్పుకి మాటలు పడ్డారో. ఆలస్యంగా కనిపించడం ఈ వాపు లక్షణమే. వెయ్యి కాన్పుల్లో పది ఇరవైమందికి వస్తుంది, బిడ్డ తలకి గాలి లాగే పంపు (వాక్యూమ్) పెట్టి లాగిన కాన్పుల్లో ఇంకా ఎక్కువ. సాధారణంగా తల పక్క ఎముక మీద, అందులోనూ కుడివైపు ఎక్కువగా ఉంటుంది.

గుర్తు పట్టడం చేతికే తెలుస్తుంది. చూపుడువేలిని వాపు అంచు వెంబడి మెల్లగా నడిపించండి. నెత్తురు గూడు ఎముక అతుకు దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోతుంది, ఎందుకంటే ఆ పొర అతుకుల దగ్గర ఎముకకి గట్టిగా అంటుకుని ఉంటుంది. ఎడమ పక్క ఎముక మీద పుట్టింది కుడికి రాదు. రెండు పక్కలా ఉంటే రెండు వేరువేరు వాపులుగా, నడుమ గాడితో కనిపిస్తాయి. నీరు పట్టిన వాపుకి ఈ హద్దు లేదు.

ఇది తగ్గే కాలాన్ని మన ఇళ్ళల్లో వేడుకలతో కొలిచేవారు. పురుడు నాటికి బాగా కనిపిస్తుంది. ఇరవయ్యొకటో రోజు బారసాలకి కొంచెం జారినట్టుంటుంది. మూడో నెలలో పసుపు కుంకుమలిచ్చి తల్లీబిడ్డల్ని అత్తారింటికి పంపేవేళకి చాలామందిలో ఉండదు. వైద్యం చెప్పే లెక్క కూడా ఇదే, కొన్ని వారాల నుంచి మూడు నెలలు. మధ్యలో ఒక దశ తల్లుల్ని మళ్ళీ భయపెడుతుంది. రెండు మూడు వారాలకి వాపు అంచు గట్టిపడి, నడుమ మాత్రం మెత్తగా ఉంటుంది. వేలు పెడితే పుర్రె సొట్టపోయినట్టు, గుంట పడినట్టు అనిపిస్తుంది. ఎముక సొట్టపోలేదు. అంచు చుట్టూ సున్నం చేరి కొత్త ఎముక పోసుకుంటోంది, అంతే. కొందరిలో పైన కూడా పెంకులా గట్టిపడి, ఎముక పెరిగేకొద్దీ నెలల తరబడి అందులో కలిసిపోతుంది. మూడు నెలలు దాటినా గట్టి గుట్టలాగే ఉంటే మాత్రం చూపించాలి.

ఈ గూటి విషయంలో చెయ్యకూడనివి రెండు. సూదితో తియ్యించకూడదు. లోపలి నెత్తురు శుభ్రంగా ఉన్నంతకాలం దానంతటదే కరుగుతుంది, సూది పొడిస్తే క్రిములకి దారి ఇచ్చినట్టే, రేపు అది చీముగడ్డ. రెండోది, రుద్దకూడదు. నీళ్ళుపోసే మామ్మల్లో తెలివైనవాళ్ళు అక్కడికి రాగానే నూనె చేతిని తేల్చేసేవారు. మొండివాళ్ళు "కరిగిపోద్ది" అంటూ బొటనవేలితో రాసేవారు. అలా రాస్తే బిడ్డకి నొప్పి, నాళాలు ఇంకా ఆరకపోతే మళ్ళీ ఊరడం, ఇవి తప్ప ఒరిగేదేమీ లేదు.

చెయ్యవలసింది ఒకటుంది, పాతవాళ్ళు దీన్ని వాపుతో ముడిపెట్టేవారు కారు. గూడులో చేరిన నెత్తురు విరిగి కరిగేటప్పుడు పసుపు రంగు పదార్థం ఒంట్లోకి ఎక్కువగా వెళ్తుంది. అందుకని ఇలాంటి బిడ్డకి పుట్టుకామెర్లు ముదిరే అవకాశం ఎక్కువ. మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా పగటి వెలుతురులో రోజూ చూడాలి. నుదురు మీదా ముక్కు మీదా వేలితో నొక్కి వదిలితే చర్మం పసుపుగా ఉందా, ఆ పసుపు పొట్ట దాటి కాళ్ళకి దిగుతోందా? దిగితే రక్తపరీక్ష, అవసరమైతే నీలిదీపం కింద పెట్టడం. పొద్దుటి ఎండలో పడుకోబెట్టే అలవాటు మనకి ఉంది కానీ, ముదిరిన కామెర్లకి అది చాలదు. పాలు పట్టకుండా మత్తుగా ఉండే పసుపుబిడ్డని ఎండకి వదిలేసి కూర్చోవడం ప్రమాదం.

మూడో రకం అరుదు. దీనికి మన దగ్గర మాట లేదు, బహుశా పేరు పెట్టే వ్యవధి ఇవ్వకపోవడం వల్లనేమో. నెత్తిచర్మం కింది పలచటి పట్టా అడుగున నెత్తురు పారితే దానికి ఏ అతుకూ అడ్డుకాదు. కనుబొమల నుంచి మెడ దాకా, చెవుల మీదుగా పరుచుకుంటుంది. తల నీళ్ళ సంచిలా తొణుకుతుంది, చెవులు ముందుకి తోసుకొస్తాయి. ఎక్కువగా పంపు పెట్టిన కాన్పుల తర్వాత, మొదటి రోజులోనే. మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉన్న మొత్తం నెత్తురే పావులీటరు చిల్లర, అందులో సగం ఆ ఖాళీలోకి పోగలదు. బిడ్డ పాలిపోయి, గుండె వేగంగా కొట్టుకుంటూ, పాలు పట్టకుండా సోలిపోతుంటే నిమిషాల లెక్కే. పంపు పెట్టిన బిడ్డని మొదటి రోజు గంటగంటకీ తల తడిమి చూడమని నర్సులకి చెప్పేది ఇందుకే. పుట్టగానే తొడకి వేసే కె విటమిన్ ఇంజెక్షన్, నెలలు నిండిన బిడ్డకి 1 మిల్లీగ్రాము, నెత్తురు గడ్డకట్టడం కోసమే. "పసిగుడ్డుకి సూదెందుకు" అని ఎవరైనా అడ్డుపడితే ఈ ఒక్క సంగతి చెప్పవచ్చు.

ఇక మాడు.

నడినెత్తి మీద ఆముదం చుక్క వెయ్యని పురిటిల్లు మన వైపు ఉండేది కాదు. అరచేతిలో ఆముదం ఒంపి, మాడు మీద పెట్టి, "మాడు పూడాలి, కళ్ళు చల్లబడాలి" అని తట్టేవారు. అక్కడ కొట్టుకోవడం చూసి కొత్త తండ్రులు చెయ్యి వెయ్యడానికే జంకేవారు. కొట్టుకోవడం సహజమే, లోపలి నెత్తురు నాడి ఆ పలచటి చోట కనిపిస్తుంది. పలచన అనుకుంటాం గానీ ఆ పొర గట్టిది, స్నానం చేయించే చెయ్యి దానికేమీ చెయ్యదు. ముందు మాడు గాలిపటం ఆకారంలో, సుమారు 2 సెంటీమీటర్లు ఉంటుంది. వెనకది చిన్న ముక్కోణం, రెండు నెలలకల్లా పూడుతుంది. ముందుది ఎక్కువమందికి 9 నుంచి 18 నెలల మధ్య. ఆముదం పెట్టినా పెట్టకపోయినా ఎముక తన లెక్కన తను పెరుగుతుంది. ఆముదం చేసే అపకారం చిన్నది. చిక్కటి జిడ్డు పొలుసులతో కలిసి అట్టకడుతుంది, విశాఖ ఉక్కపోతకి దాని కింద చెమటపొక్కులు లేస్తాయి. కొబ్బరినూనె పలచగా రాసి, అరగంటాగి, మెత్తటి గుడ్డతో అట్ట తుడిచి కడిగేస్తే చాలు. గోటితో గీకితే పుండవుతుంది.

మాడు చదవడంలో మాత్రం ముసలివాళ్ళు గట్టివాళ్ళు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న బిడ్డకి మాడు లోపలికి దిగితే "నీరు లాగేసింది" అనేవారు, అది నిజం. దానికి ఎదురు గుర్తు ఇంకా ముఖ్యం. బిడ్డ ఏడవకుండా, భుజాన నిలువుగా ఉన్నప్పుడు కూడా మాడు బిగిసి ఉబ్బి ఉంటే, జ్వరమో వాంతులో మత్తో తోడైతే, అప్పటికప్పుడు ఆసుపత్రికి. ఏడుస్తున్నప్పుడో, పడుకోబెట్టినప్పుడో ఉబ్బినట్టు కనిపించి తర్వాత సర్దుకుంటే అది లెక్కలోకి రాదు.

తల గుండ్రంగా రావాలని రెండు అరచేతులతో అదిమేవారు, ముక్కు సాగదీసేవారు, ఆవాల దిండు వేసేవారు. మెత్తటి పాతచీర గుడ్డ సంచిలో అరకిలో ఆవాలు పోసి కుట్టిన ఆ దిండు చాలా ఇళ్ళల్లో ఒక బిడ్డ నుంచి ఇంకో బిడ్డకి వచ్చేది. తల బరువుకి ఆవాలు పక్కకి జరిగి గుంట పడుతుంది, ఒత్తిడి ఒకేచోట ఉండదు. ఆలోచన తెలివైనదే. కానీ ఏడాది లోపు బిడ్డకి ఏ దిండైనా ముఖానికి అడ్డుపడే ప్రమాదం ఉంది, కుట్టు ఊడితే ఆవగింజ ముక్కులోకో చెవిలోకో పోతుంది. తల వెనక చదును కాకుండా ఉండాలంటే దిండు అక్కర్లేదు. పడుకోబెట్టడం వెల్లకిలానే. ఒక రాత్రి తల తూర్పుకి పెడితే మర్నాడు పడమరకి పెట్టాలి, కిటికీ వెలుతురు కోసం బిడ్డ మెడ తిప్పే వైపు మారుతుంది. మెలకువగా ఉన్నప్పుడు, మనం పక్కన ఉండి, మొదట్లో మూడు నాలుగు నిమిషాల చొప్పున రోజుకి రెండు మూడుసార్లు బోర్లా వెయ్యాలి. ఆ లెక్కన చూస్తే మామ్మ కాళ్ళ మీద బోర్లా నూనె రాసుకున్న పది నిమిషాలు పిల్లలకి మంచి మెడ కసరత్తే, ఎవరూ అలా అనుకోలేదు గానీ. బిడ్డ ఎప్పుడూ ఒకవైపే మెడ తిప్పుతూ, రెండు నుంచి నాలుగు వారాల వయసులో మెడ పక్క కండలో గట్టి ఉండ తగిలితే, అది కండ పట్టేయడం. త్వరగా మొదలుపెడితే మెడ కసరత్తులతోనే చాలామందికి సరిపోతుంది.

ఎముక అతుకు మీది గట్టు పది రోజులు దాటినా పోకుండా, నెలనెలా ఇంకా పొడుచుకొస్తూ, తల పడవలా పొడుగ్గానో ఒకవైపు అణిగినట్టో పెరుగుతుంటే అతుకు ముందే మూసుకుపోయిందేమో చూడాలి. దీనికి ఆపరేషన్ సాధారణంగా మొదటి ఏడాదిలోనే చేస్తారు, అందుకే కాలయాపన పనికిరాదు. దర్జీ టేపుతో ఇంట్లోనే కొలవవచ్చు. కనుబొమల పైనుంచి, తల వెనక బాగా పొడుచుకొచ్చిన చోటు మీదుగా, మూడుసార్లు కొలిచి పెద్ద అంకె రాసుకోవాలి. పుట్టినప్పుడు 33 నుంచి 35 సెంటీమీటర్లు. మొదటి మూడు నెలలు నెలకి 2, తర్వాతి మూడు నెలలు నెలకి 1, ఆ పైన ఏడాది దాకా నెలకి అర సెంటీమీటరు. గోడ క్యాలెండర్ వెనక పాలవాడి లెక్క పక్కనే ఈ లెక్కా రాసుకోవచ్చు.

విశాఖ పిల్లల తలల మీద ఉన్నవన్నీ బయటపడే రోజు ఇంకొకటి ఉంది, సింహాచలం కొండ మీద పుట్టువెంట్రుకలు తీయించే రోజు. తొమ్మిదో నెలో, పదకొండో నెలో, లేకపోతే మూడో ఏడాదో. కేశఖండనశాలలో మేనమామ ఒళ్ళో ఏడ్చి ఏడ్చి అలిసిన బిడ్డకి గుండు మీద చందనం పూసి, దర్శనం చేయించి, ఇంటికొచ్చి తల కడిగాక మొదలవుతుంది అసలు తంతు. "అత్తయ్యా, ఇక్కడేదో ఉంది చూడండి." అమ్మమ్మ చూస్తుంది, పక్కింటి పిన్నిగారు చూస్తారు, పెదనాన్నగారు కళ్ళజోడు పెట్టుకుని మరీ చూస్తారు.

వాటిలో సగం ఎముకలే. తల వెనక నడుమన, మెడ మొదలయ్యే చోటికి పైన ఒక చిన్న గుబ్బ అందరికీ ఉంటుంది. చెవుల వెనక చెరొక ఎముక ఎత్తు ఉంటుంది. పరీక్ష తేలిక: రెండో వైపు కూడా అలాగే ఉందా? తండ్రి తల మీద ఉందా? ఉంటే అది బిడ్డ తల, అంతే.

మిగతా సగంలో ఎక్కువ బిళ్ళలు. తల వెనక వెంట్రుకల అంచున, చెవి వెనక, బఠాణీ గింజంత, రబ్బరులా, వేలి కింద జారేవి. నెత్తి మీద ఎక్కడ ఏ పుండు, దోమకాటు, అట్ట, పేలు, చెమటపొక్కు ఉన్నా దాని తాలూకు కాపలా బిళ్ళ ఉబ్బుతుంది. సెంటీమీటరు లోపు ఉండి, చర్మం ఎర్రబడకుండా, బిడ్డ హుషారుగా ఉంటే వారాల తరబడి ఉన్నా ఫరవాలేదు. పుండు మానిన తర్వాత కూడా బిళ్ళ నిదానంగా తగ్గుతుంది, కొందరిలో చిన్నగా మిగిలిపోతుంది. రోజుకి పదిసార్లు నొక్కి చూడటం వల్లే తగ్గని బిళ్ళలూ ఉంటాయి. 2 సెంటీమీటర్లు దాటినా, రాయిలా కదలకుండా ఉన్నా, మెడ కింద కాలర్‌బోన్ పైన కనిపించినా, బిడ్డ బరువు తగ్గుతున్నా చూపించాలి. చెవి వెనక ఎర్రగా, నొప్పిగా ఉబ్బి చెవి ముందుకి తోసుకొస్తే అది బిళ్ళ కాదు, చెవిలోని చీము ఎముకకి పాకింది. జ్వరం కూడా ఉంటుంది. ఆ రోజే వెళ్ళాలి.

గుండు గీసిన వారానికి నెత్తి నిండా చీముపొక్కులు రావడం ఏప్రిల్, మే నెలల్లో మామూలు. కత్తి గాట్లు, చెమట, పైన ఆరిపోయిన చందనం పట్టు, అన్నీ కలిసి చేసే పని. కొత్త బ్లేడు వెయ్యమని అడగడం, చందనం సాయంత్రానికల్లా గోరువెచ్చటి నీళ్ళతో కడిగేయడం, రెండు రోజులు టోపీ పెట్టకపోవడం సరిపోతుంది. మామిడిపళ్ళ మీద నెపం వేసే సెగగడ్డలు కూడా చర్మం మీది క్రిమి పనే. సెగగడ్డకి గోరువెచ్చటి గుడ్డ కాపడం మంచిది, రోజుకి మూడు నాలుగుసార్లు, పది నిమిషాలు. చిదమకూడదు. గడ్డ చుట్టూ ఎరుపు పాకినా, జ్వరమొచ్చినా మందు కావాలి.

పుట్టుబుడిపె జోలికి మాత్రం ఇంటి వైద్యం రాకూడదు. కనుబొమ చివర చర్మం కింద నున్నగా, గోళీలా, నెమ్మదిగా ఎదిగేది లోపల చిక్కుకుపోయిన చర్మపు సంచి. తొందర లేదు, కానీ ఒకరోజు తీయించాలి. అదే ముక్కు మొదట్లోనో, మాడు మీదో, తల వెనక నడుమనో ఉంటే లోపల మెదడు దాకా దారి ఉండవచ్చు. స్కాన్ తియ్యకుండా కత్తి గానీ సూది గానీ తగలనివ్వకూడదు. ఏడ్చినప్పుడు పెద్దదయ్యే మధ్యగీత బుడిపె అయితే మరీ జాగ్రత్త. దారం కట్టి రాలగొట్టే అలవాటు కొన్ని ఇళ్ళల్లో ఉండేది. పులిపిరికీ దీనికీ తేడా తెలియని ఆ దారం చాలా ప్రమాదకరం. పుట్టిన రెండు మూడు వారాలకి ఎర్రగా మొదలై, నేరేడుపండంత ఉబ్బే నెత్తురు మచ్చ ఇంకో రకం. ఐదు నెలల దాకా జోరుగా పెరిగి, తర్వాత ఏళ్ళ మీద వాడిపోతుంది. కంటి దగ్గర ఉన్నా, పుండు పడినా ఇప్పుడు మంచి మందు ఉంది, డాక్టరు గమనిస్తూ ఇస్తారు.

అసలు బొప్పి కాలం బిడ్డ దొర్లడంతో మొదలై పరుగుతో ముదురుతుంది.

పాత పెంకుటిళ్ళల్లో నాలుగంగుళాల ఎత్తు గడప, గచ్చు నేల, దూలానికి కట్టిన చీర ఉయ్యాల, నులకమంచం. ఇప్పటి అపార్ట్‌మెంట్లలో పాలరాయి నేల, రెండడుగుల పైన పరుపు, మూడడుగులకి దగ్గరగా వంటగట్టు. ఈ ఎత్తుల తేడా చిన్నది కాదు. రెండేళ్ళ లోపు పిల్లలకి మూడడుగులు దాటిన పతనాన్ని డాక్టర్లు తీవ్రమైనదిగానే లెక్కపెడతారు. నులకమంచం మీంచి జారినవాడికి నుదుటి బొప్పి కడితే గంటలో మర్చిపోయేవారు. వంటగట్టు మీద కూర్చోబెట్టిన వాడు, నడుస్తున్న మనిషి చేతుల్లోంచి జారినవాడు, మేడమెట్ల మీద దొర్లినవాడు వేరే లెక్క. చక్రాల మీద కూర్చోబెట్టే వాకర్ అన్నింటికంటే చెడ్డది, మెట్ల దగ్గర పిల్లాడి కంటే వేగంగా పరిగెడుతుంది. కెనడా వాటిని 2004లోనే నిషేధించింది. ఏటికొప్పాక అంకుడు కర్రతో చేసిన తోపుడు బొమ్మబండి లాంటిది, వెనక నిలబడి తన కాళ్ళతో తోసుకునేది, వాకర్‌కంటే ఎంతో నయం.

దెబ్బ తగలగానే నుదురు క్షణాల్లో కోడిగుడ్డులా లేస్తుంది. నెత్తిచర్మానికి నెత్తురు నాళాలు ఎక్కువ, కింద ఎముక. లోపలికి పోయే చోటు లేక నెత్తురు బయటికే ఉబుకుతుంది. అందుకే నుదుటి బొప్పి ఎంత పెద్దదైనా అంత భయం అక్కర్లేదు, చెవి పైనా తల వెనకా వచ్చిన చిన్న మెత్తటి వాపుకే ఎక్కువ భయపడాలి. అక్కడ ఎముక పలచన, కింద పగులు ఉండే అవకాశం ఎక్కువ.

చీర చెంగు ఉండచుట్టి, నోటి ఆవిరి ఊది, బొప్పి మీద అద్దడం ఇప్పటికీ తెలియని తల్లి లేదు. అపకారం లేదు, ఏడుపు ఆగుతుంది, అది తక్కువేమీ కాదు. గడపకి రెండు దెబ్బలు వెయ్యడం కూడా అంతే. ఉప్పుమూట కాపడం మాత్రం మొదటి రెండు రోజులు తప్పు, వేడికి నాళాలు విప్పారి ఇంకా ఊరుతుంది. అరచేత్తో రుద్దడం, రూపాయి బిళ్ళ పెట్టి అదమడం అలాంటివే. పసుపు సున్నం పట్టు పసిచర్మాన్ని కాలుస్తుంది. కావలసింది చల్లదనం. ఫ్రిజ్ లేని రోజుల్లో కూజా నీళ్ళలో తడిపిన గుడ్డ, చేపలరేవు దగ్గరుండే ఇళ్ళల్లో ఐసుముక్క. ఐసుని పలచటి గుడ్డలో చుట్టి, ఐదు నుంచి పది నిమిషాలు, మళ్ళీ గంటాగి. నేరుగా పెడితే చర్మం చచ్చుబడుతుంది. రక్తం కారితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా అదిమి పట్టాలి, ఆగిందా అని మధ్యలో తీసి చూడకూడదు. కింద ఎముక దిగినట్టు అనిపిస్తే అదమకూడదు.

నొప్పికి పారాసెటమాల్, కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటల ఎడంతో. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే. పసిపిల్లల డ్రాప్స్‌లో సాధారణంగా 1 మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాములుంటే, మామూలు సిరప్‌లో 5 మిల్లీలీటర్లకి 125 ఉంటుంది. పది కిలోల బిడ్డకి డ్రాప్స్ 1 మిల్లీలీటరు చాలు. సిరప్ అలవాటున 5 పోస్తే 500 మిల్లీగ్రాములు. సీసా మీది అంకె చదివాకే మూత తియ్యండి. మూడు నెలల లోపు బిడ్డకి అడగకుండా అసలు వద్దు, ఆస్పిరిన్ ఏ వయసు పిల్లలకీ వద్దు.

"నిద్రపోనివ్వకూడదు" అని ఏడ్చి అలిసిన బిడ్డని రాత్రంతా కుదిపేవారు. వేళకి నిద్రొస్తే పడుకోనివ్వవచ్చు. మొదటి నాలుగు నుంచి ఆరు గంటలు కనిపెట్టి ఉండాలి, రాత్రి ఒకటి రెండుసార్లు తట్టి చూడాలి, చిరాకుపడి మళ్ళీ పడుకుంటే మంచి గుర్తు. దెబ్బ తగలగానే ఏడవకుండా కొన్ని క్షణాలు స్పృహ తప్పినా, మళ్ళీమళ్ళీ వాంతయినా, మూర్ఛ వచ్చినా, ముక్కులోంచి, చెవిలోంచి నీరో నెత్తురో కారినా, కంటిపాపలు ఒకటి పెద్దది ఒకటి చిన్నదిగా ఉన్నా, ఎత్తుకున్నా ఏడుపు ఆగకపోయినా, తల్లిని పోల్చుకోనట్టు చూసినా, చెవి వెనక నీలం తేలినా 108కి ఫోన్ చెయ్యాలి. మూడు నెలల లోపు బిడ్డకి తల దెబ్బ ఏదైనా సరే చూపించాల్సిందే. అక్కడ చెప్పవలసినవి: ఎన్ని గంటలకి, ఎంత ఎత్తు నుంచి, ఏ నేల మీద, వెంటనే ఏడ్చాడా, ఎన్ని వాంతులు. అత్తగారి ముందు చెప్పడానికి జంకి ఎత్తు తగ్గించి చెప్పే తల్లులుంటారు, ఆ ఒక్క అంకె మీదే డాక్టరు నిర్ణయం ఆధారపడుతుంది. ప్రతి బొప్పికీ సీటీ స్కాన్ తియ్యమని పట్టుబట్టడం కూడా తగదు, పసిమెదడుకి ఆ కిరణాలు మంచివి కావు. ఎక్స్‌రేలో మెదడు కనిపించదు.

ఇంట్లో ఉండిపోయిన బొప్పి మర్నాటికి చదునవుతుంది. రెండో రోజో మూడో రోజో నెత్తురు నుదుటి కండ కిందుగా జారి కళ్ళ చుట్టూ నల్లగా దిగుతుంది. దెబ్బ నుదుటి మీద కదా, కన్నెందుకు కమిలింది అని మళ్ళీ గాభరా పడతారు. బొప్పి ముందున్న చోట నుంచి అలా కిందికి జారితే అది భయపడాల్సింది కాదు, బొప్పి లేకుండానే రెండు కళ్ళూ నల్లబడితేనే వెళ్ళాలి. నలుపు ఆకుపచ్చ అవుతుంది, వారానికి పసుపు పచ్చ. అదీ పోయాక చర్మం కింద పెసరగింజంత గట్టితనం ఒకటి కొన్ని వారాలు మిగులుతుంది. కంటికి కనిపించదు, ఆదివారం తలంటి నూనె రాస్తున్నప్పుడు వేలికి మాత్రం తగులుతుంది.